పొట్టి ట్యాంకా, పొడుగు ట్యాంకా? వార్‌గేమ్‌లో ఎంచుకునే ముందు చూడాల్సినవి

ముందే చెప్పేస్తాను: బల్ల మీదైనా కంప్యూటర్‌లోనైనా మీరాడే యుద్ధపు ఆట ట్యాంకు సైజుని ఎలా లెక్కేస్తుందో తెలుసుకోకుండా, పొట్టిగా ఉందని ముచ్చటపడి ట్యాంకు తీసుకోకండి. అదే వాహనం ఒక ఆటలో ఎవరికీ చిక్కదు, ఇంకో ఆటలో ఆ పొట్టితనానికి మీరు కట్టిన పాయింట్లు (ఆటలో బండ్లు కొనుక్కునేది వీటితోనే) బూడిదలో పోసిన పన్నీరు అవుతాయి. స్టగ్ (పైన గన్‌తో తిరిగే బురుజు, అంటే టరెట్, లేని పొట్టి జర్మన్ బండి) అంటే మోజుతో నేను చాలాకాలం ప్రతి ఆటలోనూ అవే తీసుకున్నాను, వాటిని పైరు వెనకాల పెట్టి, తీరా శత్రువు వచ్చేసరికి నా గన్నర్లకి పైరు తప్ప ఇంకేం కనపడక, పక్క నుంచి దెబ్బ తిన్నాను. పొట్టిగా ఉంటే వాళ్ళకి మనం కనపడం, నిజమే, కానీ మనకీ వాళ్ళు కనపడరు అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఏవేం చూడాలి

నాలుగు సంగతులున్నాయి. బయట నిలబడితే ఎంత తేలిగ్గా తగులుతుంది, ఎంత దూరం నుంచి కనపడుతుంది, గట్టు మాటున దాక్కుని కాల్చగలదా, తగిలాక లోపల ఏమవుతుంది. చాలామంది మొదటిదొక్కటే చూసి ఆగిపోతారు. నా లెక్కలో మూడోదే అన్నిటికంటే పెద్దది, కానీ మొదటిదాని గురించి అపోహలు ఎక్కువ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు కొలతలు. ఇవి సుమారు అంకెలు. మోడల్‌ని బట్టి, పైన కమాండర్ మూతని కూడా కొలిచారా లేదా అన్నదాన్ని బట్టి కొంచెం అటూఇటూ అవుతాయి. చివరి గడిలో ఉన్నది గన్‌ని ఎన్ని డిగ్రీలు కిందికి దించవచ్చో.

| ట్యాంకు | ఎత్తు (మీ.) | వెడల్పు (మీ.) | ఎత్తు × వెడల్పు (చ.మీ.) | గన్ కిందికి (డిగ్రీలు) |
|---|---|---|---|---|
| షెర్మన్ ఎం4 | 2.74 | 2.62 | 7.2 | 10 |
| టి-34 (76 మి.మీ. గన్) | 2.45 | 3.00 | 7.4 | 3–5 |
| పాంథర్ | 2.99 | 3.27 | 9.8 | 8 |
| టైగర్ 1 | 3.00 | 3.56 | 10.7 | 8 |
| స్టగ్ 3 జి | 2.16 | 2.95 | 6.4 | 6 |
| హెట్జర్ | 2.17 | 2.63 | 5.7 | 6 |
| సెంచూరియన్ | 3.01 | 3.39 | 10.2 | 10 |
| ఎస్-ట్యాంక్ (స్వీడన్) | 2.14 | 3.63 | 7.8 | 10 |
| టి-72 | 2.23 | 3.59 | 8.0 | 5–6 |
| ఎం1 ఏబ్రమ్స్ | 2.44 | 3.66 | 8.9 | 10 |

మొదటి రెండు వరసలు ఇంకోసారి చూడండి. షెర్మన్ తాటిచెట్టంత ఉంటుందని అందరూ వెక్కిరిస్తారు, టి-34 నేలకి అతుక్కుని ఉంటుందని మెచ్చుకుంటారు. కానీ షెర్మన్ సన్నం, టి-34 వెడల్పు, అందుకే ఎదురుగా నిలబెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకే వైశాల్యం. ఇలా ఎత్తుని వెడల్పుతో గుణించే పెట్టె లెక్క అంటే మూలలు కూడా కలిపేసుకున్నట్టు, టరెట్ పక్కన ఖాళీ ఉంటుంది కదా, అది నిజమే, అయినా ఎత్తు ఒక్కటే చూసి మాట్లాడితే ఎంత పొరబడతామో తెలియడానికి ఇది చాలు. షెర్మన్ అంత పొడుగ్గా ఉండటానికి కారణం వెనక పెట్టిన గుండ్రటి విమానం ఇంజను. దాని నుంచి ముందున్న గేర్‌బాక్సు దాకా వెళ్ళే షాఫ్టు సిబ్బంది కాళ్ళ కింద నుంచి పోవాలి, దాంతో టరెట్ పైకి లేచింది.

ఎత్తు ఎప్పుడు లెక్కలోకి వస్తుంది

గుండ్లు ఒకే చోట పడవు, గురి చుట్టూ చెదురుతాయి. మనం కాల్చే దూరంలో ఆ చెదురు పైకీ కిందికీ సగటున అర మీటరే అనుకుందాం (గణితంలో స్టాండర్డ్ డీవియేషన్ అంటారే, అది). అప్పుడు నిలువు లెక్కలో 2.2 మీటర్ల ట్యాంకుకి తగిలే అవకాశం 97 శాతం, 3 మీటర్లదానికి 99 పైచిలుకు. అంటే దగ్గర్లో పొట్టీ పొడుగూ ఒకటే, ఇద్దరూ పోతారు. చెదురు 1 మీటరు అయితే 73 శాతం, 87 శాతం. 2 మీటర్లైతే 42, 55. 4 మీటర్లకి పెరిగితే 22, 29. తేడా మధ్య దూరాల్లో బాగా కనపడి, మరీ దూరంలో మళ్ళీ చిన్నదవుతుంది, ఎందుకంటే అప్పటికి ఇద్దరికీ తగలడం లేదు.

దీన్ని పాచికల్లో పెట్టండి. ఆరు ముఖాల పాచిక మీద ఒక చుక్క అంటే దాదాపు 17 శాతం. నిజంలో బాగా ఎక్కువ తేడా వచ్చే చోట కూడా 15 దాటదు, అడ్డం వైపు తప్పిపోయే గుండ్లని కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక్క పాచిక వేసే ఆటలో "పొట్టి ట్యాంకు, ఒక చుక్క తగ్గించు" అన్న రూలుంటే ఆ ఆట పొట్టివాటికి బాకీ కంటే ఎక్కువే చెల్లిస్తోంది. మీరు గెలవడానికి ఆడుతుంటే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చరిత్రకి దగ్గరగా ఆడాలనుకుంటే మాత్రం ఆ రూలు మీద అనుమానం ఉంచుకోండి.

ఇంతవరకు గన్నర్‌కి దూరం సరిగ్గా తెలుసనుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కువగా దూరాన్ని కంటితో అంచనా వేసేవాళ్ళు, అసలు పొడుగు ట్యాంకుకి చేటు అక్కడే వచ్చింది. గుండు సగటున సెకనుకి 700 మీటర్లు పోతుందనుకోండి. 1000 మీటర్ల దగ్గరికి చేరేసరికి అది ప్రతి 100 మీటర్లకీ సుమారు 1 మీటరు చొప్పున కిందికి దిగుతూ ఉంటుంది. ట్యాంకు ఎత్తు 2 మీటర్లైతే ఆ దిగుడులో దానికి తగిలే నిడివి 200 మీటర్లు, 3 మీటర్లైతే 300. నడిమికి గురిపెట్టిన గన్నర్ మొదటిదాని మీద అటూఇటూ 100 మీటర్లు పొరబడినా తగులుతుంది, రెండోదాని మీద 150 మీటర్లు పొరబడవచ్చు. 2000 మీటర్లకి వెళ్తే గుండు రెండింతలు ఏటవాలుగా దిగుతుంది, ఆ వెసులుబాటు 50, 75 మీటర్లకి పడిపోతుంది, కంటి అంచనాతో అక్కడ మొదటి గుండే తగలడం అదృష్టం కిందే లెక్క.

ఇంకోటి ఉంది. గుండు దారి ట్యాంకు ఎత్తు దాటి పైకి లేవనంత దూరం వరకూ గన్నర్ దూరం గురించి ఆలోచించక్కర్లేదు, అడుగు భాగానికి గురిపెట్టి కాల్చేయడమే. అదే 700 మీటర్ల వేగానికి, 2 మీటర్ల ట్యాంకు మీద ఇది సుమారు 890 మీటర్ల వరకూ పనిచేస్తుంది, 3 మీటర్ల ట్యాంకు మీద 1090 వరకూ. అంటే పొట్టి ట్యాంకు కొనిపెట్టేది దాదాపు 200 మీటర్ల మేలు. వేగం ఎక్కువున్న గన్, ఉదాహరణకి పాంథర్‌ది, సెకనుకి 900 మీటర్లు పైనే వదులుతుంది కాబట్టి ఎదుటివాడికి అలాంటి గన్ ఉంటే ఈ దూరం ఇంకా పెరుగుతుంది, మీ పొట్టితనం పెద్దగా ఆదుకోదు.

1970లలో లేజర్ రేంజ్‌ఫైండర్లు (కాంతితో దూరం కొలిచే పరికరాలు) రావడం మొదలయ్యాక ఈ కథ మారిపోయింది. దూరం అంచనాలో తప్పు దాదాపు పోయింది, అర్జున్-కర్ణుల నాటి బాణంలా గుండు చెప్పిన చోటికి వెళ్తుంది (కొంచెం అతిశయోక్తే). టి-72 మీద ఏబ్రమ్స్ కాల్చే ఆటలో ఆ 20 సెంటీమీటర్ల ఎత్తు తేడా కోసం ప్రత్యేకంగా ఒక రూలు పెట్టారంటే, ఆ రూలు రాసినాయన రెండో ప్రపంచ యుద్ధం ఆట నుంచి తీసుకొచ్చి అతికించాడన్నమాట.

పక్క నుంచి చూస్తే

ఎత్తు గురించి ఇంత మాట్లాడి పొడవుని వదిలేస్తారు చాలామంది. అడ్డంగా పరిగెత్తే ట్యాంకుని కొట్టడంలో తప్పు అంతా ముందువెనకల్లోనే వస్తుంది. గంటకి 20 కిలోమీటర్లతో పోతే, మన గుండు 1000 మీటర్లు చేరే 1.4 సెకన్లలో ట్యాంకు దాదాపు 8 మీటర్లు జరుగుతుంది. హెట్జర్ హల్ (గన్, టరెట్ కాకుండా బండి ఒళ్ళు) పొడవు 5 మీటర్ల లోపు, టైగర్‌ది 6 మీటర్ల పైన, ఏబ్రమ్స్‌ది దాదాపు 8. ఎంత ముందుకి జరుగుతుందో గన్నర్ అంచనా తప్పినప్పుడు ఎత్తు తక్కువ కావడం కాదు, పొడవు తక్కువ కావడం కాపాడుతుంది.

అలాగే కవచం బలం పెంచుకోవడానికి ట్యాంకుని వంకరగా నిలబెట్టే అలవాటు. 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న ట్యాంకుని 30 డిగ్రీలు తిప్పితే ఎదుటివాడికి 5.6 మీటర్ల వెడల్పున కనపడుతుంది, దాదాపు రెండింతలు. గుండు దూసుకుపోదన్న ధైర్యం ఉంటే మంచిదే, ఎలాగూ దూసుకుపోయే గన్ ఎదురుగా ఉంటే మాత్రం మీరే గురి పెద్దది చేసి ఇచ్చినట్టు.

మీ ఆట ఏ రకం

*సైజుని పట్టించుకోనివి.* ఫ్లేమ్స్ ఆఫ్ వార్ లాంటి బొమ్మల ఆటలో తగలడానికి కావాల్సిన అంకె గురి అయిన దళాన్ని బట్టి ఉంటుంది, దూరమూ మాటూ దాన్ని మారుస్తాయి, ట్యాంకు ఎత్తు కాదు. ఇక్కడ పొట్టి వాహనానికి గురి దగ్గర లాభం సున్నా. కవచం, గన్, పాయింట్లు చూసి తీసుకోండి. అయితే బొమ్మ కంటి నుంచి నిజంగా చూసి తేల్చే రూలు ఉన్న ఆటల్లో గోడ వెనక పొట్టి బొమ్మ దాక్కోగలదు, పొడుగుది దాక్కోలేదు, అది గుర్తుంచుకోండి.

*ఒక అంకెలో పెట్టేసేవి.* 1985లో వచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ: రెండు పాచికలు వేస్తారు, తక్కువ పడితే మంచిది, వాహనం చాలా చిన్నదా చాలా పెద్దదా అన్నదాన్ని బట్టి రెండు అంకెల దాకా ఇటూ అటూ కలుపుతారు. 1995 నాటి స్టీల్ పాంథర్స్‌లో కూడా ప్రతి యూనిట్‌కీ ఒక సైజు అంకె ఉంటుంది. రెండు పాచికల్లో ఒక అంకె తేడా నడుమ దగ్గర 17 శాతం దాకా ఉంటుంది, అంచుల్లో 3 శాతమే. అందుకని ఇలాంటి ఆటలో పొట్టి ట్యాంకుని శత్రువుకి 7 చుట్టూ కావాల్సొచ్చే దూరంలో నిలబెట్టాలి. మరీ దగ్గరికి వెళ్తే ఆ అంకె పనికిరాదు. ఇక ఈ రకంలో పొడవు, వంకర, ఏ మూల నుంచి చూస్తున్నారు అన్నవన్నీ సాధారణంగా ఒకే అంకెలో కలిసిపోతాయి, కాబట్టి ట్యాంకుని వంకరగా నిలబెట్టినా గురి విషయంలో నష్టం లేదు. హెట్జర్, స్టగ్ తీసుకునేవాళ్ళకి ఇది స్వర్గం.

*నిజం ఆకారంతో లెక్కేసేవి.* కాంబాట్ మిషన్ 2007 నాటి షాక్ ఫోర్స్ నుంచి, స్టీల్ బీస్ట్స్, వార్ థండర్, ఈ కంప్యూటర్ ఆటలన్నీ గుండు ఎటు పోయిందో దారి లెక్కేసి, అక్కడ ఇనుము ఉందా గాలి ఉందా చూస్తాయి. ఇక్కడ పైన చెప్పిన లెక్కలన్నీ వాటంతటవే పనిచేస్తాయి, సైజు బోనస్ అని విడిగా ఎవరూ ఇవ్వరు. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ కొంచెం మిశ్రమం: గుండు ఆకారానికే తగలాలి, కానీ దాగే గుణం మాత్రం ప్రతి వాహనానికీ విడిగా ఇచ్చిన అంకె. అందుకే అందులో చిన్నగా కనపడే ప్రతి బండీ బాగా దాక్కుంటుందని అనుకోవద్దు, అంకె చూసుకోండి.

గట్టు మాటున: అసలు బేరం ఇక్కడ

హల్-డౌన్ అంటే ఒళ్ళంతా గట్టు వెనక దాచి టరెట్ మాత్రం పైకి పెట్టడం. అలా నిలబడితే సెంచూరియన్ మూడు మీటర్లలో కనపడేది పై మీటరే. దీనితో పోలిస్తే పొట్టిగా పుట్టడం వల్ల వచ్చే ఆ 60, 70 సెంటీమీటర్ల లాభం లెక్కలోకి రాదు.

మరి అందరూ అలా నిలబడగలరా? గట్టు వెనక వాలు మీద ట్యాంకు ముక్కు పైకి లేచి ఉంటుంది. వాలు 8 డిగ్రీలైతే, సమంగా ఎదురుకి కాల్చాలంటే గన్ 8 డిగ్రీలు కిందికి దిగాలి. సెంచూరియన్, షెర్మన్, ఏబ్రమ్స్ దించగలవు. టి-72 దించలేదు, ఇంకా ముందుకొచ్చి సమనేల మీదికి ఎక్కాలి, ఎక్కేసరికి హల్ బయటపడుతుంది. ఇది ఊరికే వచ్చిన లోపం కాదు. టరెట్ కప్పు కిందికి దించితే గన్ వెనక భాగం పైకి లేవడానికి చోటుండదు, వెనక లేవకపోతే ముందు దిగదు. పొట్టితనానికి కట్టిన ధర అదే. గుండ్లు నింపే లోడర్‌ని తీసేసి ముగ్గురితో, టరెట్ కింద గుండ్రంగా పేర్చిన గుండ్లతో టి-72ని అంత కిందికి దించారు, ఆ గుండ్ల చక్రం దాకా దెబ్బ వెళ్తే ఏమవుతుందో లోపలి నష్టం చూపించే ఆటలు ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఎస్-ట్యాంక్ దీనికి విచిత్రమైన జవాబు. టరెట్ లేదు, గన్ హల్‌కే బిగించి ఉంటుంది, సస్పెన్షన్‌తో బండి మొత్తం ముందుకి వంగి 10 డిగ్రీలు దించుతుంది. మాటున కూర్చుని కాల్చడానికి దీనంత బాగున్నది తక్కువ. కానీ పక్కకి కాల్చాలంటే మొత్తం తిరగాలి, కదులుతూ గురిపెట్టడం కుదరదు. దాడికి తీసుకెళ్ళారా, అయిపోయారు.

పూర్తిగా చదునైన మైదానంలో, లేదా ముందే తవ్విపెట్టిన గోతుల్లో, లెక్క తిరగబడుతుంది. అక్కడ గన్ దించాల్సిన పని లేదు కాబట్టి టి-72 బల్లపరుపు టరెట్ సెంచూరియన్‌దాని కంటే చిన్న గురి. కాబట్టి మ్యాపు చూడకుండా ట్యాంకు ఎంచుకోవద్దంటాను.

ఎవరికి ఏది

ఒకచోట కూర్చుని ఎదురుచూసే ఆటగాడైతే, అంకె పద్ధతి ఆటలో స్టగ్ లేదా హెట్జర్ కళ్ళు మూసుకుని తీసుకోండి. ఆకారం పద్ధతి ఆటలో మాత్రం హెట్జర్ విషయంలో జాగ్రత్త: పిట్ట కొంచెమే, కానీ లోపల డ్రైవర్, గన్నర్, లోడర్ ముగ్గురూ ఎడమవైపు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, ఒక్క గుండు సరిగ్గా దూరితే వరసంతా ఖాళీ. అదే గుండు షెర్మన్‌లో దూరితే ఖాళీ జాగా గుండా పోయి ఒకరిద్దరితో సరిపెట్టే అవకాశం ఉంది. తగలకుండా ఉండటం, తగిలినా బతకడం రెండూ వేరు.

ముందుకి దూకి ఆడేవాళ్ళు సైజు గురించి మర్చిపోండి. టరెట్ కావాలి, గన్ దిగాలి, పైనుంచి చూడగలగాలి. కంచెలు, గోడలు ఎక్కువున్న మ్యాపులో షెర్మన్ ఎత్తే వరం, పొట్టి బండి చూడలేని చోటికి అది చూస్తుంది.

టైగర్ తీసుకునేవాళ్ళకి ఒక మాట. పదిన్నర చదరపు మీటర్లు పైన ఉన్న గురిని మీరు బయట పెడుతున్నారు, తగులుతుంది, తగలనివ్వండి, ఆ ట్యాంకు ధర తగలకుండా ఉండటానికి కాదు. దాన్ని 300 మీటర్లకి తీసుకెళ్ళి పొదల్లో దాచాలని చూడటం మాత్రం వృథా.

ఆధునిక ఆటలు ఆడేవాళ్ళైతే ఎత్తు గడిని కొట్టేసి, గన్ కిందికి ఎంత దిగుతుంది, రాత్రిపూట ఎంత దూరం చూడగలదు అన్న రెండూ రాసుకోండి.

సొంతంగా రూల్స్ రాసుకునేవాళ్ళకి నా సలహా: సైజు అంకెని అన్ని దూరాలకీ ఒకేలా పెట్టకండి. దగ్గర్లో సున్నా, మధ్యలో ఒకటి, అంతే. ఎదుటివాడికి లేజర్ ఉంటే ఎప్పుడూ సున్నా. గట్టు మాటుకి మాత్రం కనీసం రెండు ఇవ్వండి, దాన్ని వాడుకోవడానికి గన్ దిగుడు పరీక్ష పెట్టండి.

మీ ఆట ఏ రకమో రూల్స్ చదివినా తెలియకపోతే పరీక్షించుకోవడం కష్టమేమీ కాదు. చదును మైదానంలో ఒక పొట్టిదాన్నీ ఒక పొడుగుదాన్నీ ఒకే దళం నేర్పుతో నిలబెట్టి, 500, 1000, 1500 మీటర్ల నుంచి ఒకే గన్‌తో కాల్చి లెక్కపెట్టండి. యాభై గుండ్లు చాలవు, పది శాతం తేడా అదృష్టంలోనే కలిసిపోతుంది. ఒక్కో దూరానికి రెండు వందలు కాల్చండి. 500 దగ్గర కూడా పెద్ద తేడా కనపడిందంటే అది అంకె పద్ధతి, ఎక్కడా కనపడలేదంటే ఆ ఆటకి సైజు పట్టదు, 1000 దగ్గర మొదలై దూరంతో మారుతూ పోయిందంటే లోపల ఎవరో బుద్ధిగా లెక్కేస్తున్నారు.